తెల్ల సీట్లు, కొత్త కన్ను

కుడికంటి శుక్లం తీయించుకున్న నెలకి, ఇక కారు నడుపుకోవచ్చని డాక్టరు చెప్పాడు. మర్నాడే భార్యను ఎక్కించుకుని, భోజనాల వేళకి ఆవిడ అక్కగారింటికి చేరాలని ప్రూఫ్‌రీడరు నిర్ణయించాడు. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా వీధిలో అందరికీ ఆయన ప్రూఫ్‌రీడరే. ఆయన పాతకారులోని తెల్ల రెక్సిన్ సీట్లంటే ఆయనకి ప్రాణం. ఆదివారం వస్తే వాటిని తుడిచి "ఎలా ఉన్నాయి?" అని భార్యనడగడం, ఆవిడ "మల్లెపువ్వుల్లా ఉన్నాయి" అనడం, ఆపరేషనైన ఈ నెల తప్ప, ఇన్నేళ్ళలో తప్పలేదు.

పొద్దున్నే కారు ముసుగు తీసి, తలుపు తెరిచిన మనిషి అలాగే నిలబడిపోయాడు. సీట్లు పసుప్పచ్చగా ఉన్నాయి. కుడికన్ను మూసి చూశాడు. శుక్లం ఇంకా తీయని ఎడమకంటికి ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. ఎడమకన్ను మూసి చూశాడు. పసుపు.

వంటింటి కిటికీలోంచి చూసిన భార్యకి, ఆయన కారుకి మార్చి మార్చి కన్ను కొడుతున్నట్టు కనిపించింది. కంట్లో లెన్సు కదిలిందేమోనని హడలిపోయి తమ్ముడికి ఫోన్ చేసింది. రంగుల కొట్టు నడిపే ఆ తమ్ముడు, చేతిలో ఉన్న డబ్బాతో సహా పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ప్రూఫ్‌రీడరు సబ్బునీళ్ళతో ముందుసీటు తోముతున్నాడు. బకెట్లో నీళ్ళు నల్లబడ్డాయి గానీ సీటు తెల్లబడలేదు.

"కంటికేమైంది బావా?"

"కన్ను బానే ఉంది. ఈ సీటు ఏ రంగు?"

"పసుపు. ఎప్పుడూ అదేగా."

"ఎప్పుడూనా?"

బావమరిది నాలిక్కరుచుకున్నాడు. మాట మార్చడానికి చేతిలోని థిన్నరు డబ్బా మూత తీసి, "దీనికి లొంగని మరక లేదు బావా" అన్నాడు. ఇద్దరూ వంతులేసుకుని అరగంట రుద్దితే అరచేతి మేర తెల్లగా తేలింది. దాని పక్కన మిగతా సీటు మరింత పచ్చగా కనిపించింది. తలుపులూ అంతే, కప్పూ అంతే. మొత్తం రుద్దడానికి ఎన్ని డబ్బాలు కావాలా అని బావమరిది ఆలోచనలో పడ్డాడు.

ప్రయాణానికి తయారై భార్య బయటికి వచ్చింది.

"మల్లెపువ్వన్నావు" అన్నాడు ప్రూఫ్‌రీడరు. "ఇంకేం దాచావు? బీరువాలోని నా తెల్ల చొక్కాలు?"

"అవీ కాస్త" అందావిడ.

ఆయన మొహం చిన్నబోయింది. ఊరందరి తప్పులకీ ఎర్రసిరా సున్నాలు చుట్టిన మనిషి, తాను కూర్చున్న తప్పును ఇన్నేళ్ళూ చూడలేకపోయాడు. కోపం భార్య మీదో, తన కళ్ళ మీదో తేల్చుకోలేక, వీధి చివర సీట్లు కుట్టే మేస్త్రిని పిలిపించాడు. మిగతాదంతా ఈ అరచేతి మేరలా చేసిపెట్టమన్నాడు. మేస్త్రి అక్కడ వేలు రాసి చూశాడు.

"ఇది లోపలి గుడ్డ సార్. పైన రెక్సిన్ కరిగిపోయింది."

"మరి మురికి?"

"అది సబ్బునీళ్ళకే పోయింది. ఈ పసుపు ఎండకి వచ్చింది, వయసు లాంటిది. రుద్దితే పోదు."

కొట్లో ఎవరూ లేరన్న సంగతి బావమరిదికి అప్పుడే గుర్తొచ్చింది. డబ్బాకి మూత పెట్టుకుని వెళ్ళిపోయాడు.

థిన్నరు వాసన పోయాక భార్య వచ్చి, సరిగ్గా ఆ గుడ్డ కనబడకుండా కూర్చుంది. ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా?"

"మీరు తుడిచొచ్చి అడిగేటప్పుడు మీ మొహం చూసేదాన్నండీ. సీటెవరు చూశారు?"

ఆయన కారు స్టార్టు చేశాడు. కారు వీధి మలుపు తిరిగాక ఆవిడ, అద్దంలోకి చూస్తూ, "మరి కొత్త కంటికి నేనెలా ఉన్నాను?" అని అడిగింది. ఆవిడ చెంపల దగ్గరి తెలుపునీ, కళ్ళ కింది గీతల్నీ ఆయన నెల రోజులుగా చూస్తూనే ఉన్నాడు.

"ఏం మారలేదు" అన్నాడు.

ఆవిడ ఒక్క ముక్కా నమ్మలేదు గానీ, దారి పొడవునా హుషారుగా కబుర్లు చెప్పింది.