వాకిట్లో లేచిన గుడారం

ఆ ఉదయం మైరమ్‌బేక్ వేసుకున్న పథకం చిన్నదే. అంటుజబ్బు రోజులవి, మునిసిపల్ ఆఫీసు తరఫున వీధులకు మందు కొట్టడం అతని పని. బ్లీచింగు నీళ్ళ బండితో ముందుగా సొంత వీధి కడిగేసి, మిగిలిన కాస్త వ్యవధిలో ఇంట్లో దూరి తల్లి సల్కిన్ చేత మాంసం చారు తాగించాలి. సల్కిన్‌కు ఆ జబ్బు తగ్గింది కానీ బతుకు మీద ఆశ రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, గిన్నె దగ్గరికి తెస్తే పెదవులు బిగించేది. తిండి దిగకపోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

సొంత ఇల్లు కదా అని మైరమ్‌బేక్ గోడ దగ్గర గొట్టం జోరు పెంచాడు. ధార గోడ దాటింది. అవతల భార్య జిల్దిజ్ ఎండేసిన ఉన్ని గుడారం కంబళ్ళన్నీ తడిసి ముద్దయ్యాయి. అది సల్కిన్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుడారం.

"ఊరంతా కడిగి చివరికి నా నెత్తిన పోశావా? మడతేస్తే కుళ్ళిపోతాయి. చట్రం నిలబెట్టు, దాని మీద పరుద్దాం" అంది జిల్దిజ్.

నిలబెట్టారు. తడి బరువుకు ఒక పక్క కుంగుతుంటే మైరమ్‌బేక్ కర్ర పోటుపెట్టి, దానికి వాలి నిలబడ్డాడు. బ్లీచింగు ఘాటుకు కళ్ళు ధారలు కట్టాయి.

నారిన్ పట్టణంలో మనిషి పోతే వాకిట్లో గుడారం వేస్తారు, కొడుకు పక్కనే కర్రకు వాలి ఏడుస్తాడు. అందుకే జబ్బు మనిషి ఉన్న ఇంటి వాకిట్లో గుడారం లేచి, దాని పక్కన కొడుకు కర్రకు వాలి ఏడుస్తుంటే, ఇక ఎవరూ ఏమీ అడగరు. పక్కింటి కెనెష్ కూడా అడగలేదు. "అక్కా, వెళ్ళిపోయావా" అని వీధిలోంచే రాగం ఎత్తుకుని వచ్చి మైరమ్‌బేక్‌ను కౌగిలించుకున్నాడు.

"బాబాయ్, ఇది ఆరడానికి..."

"ఆరదు నాయనా. తల్లి దుఃఖం అంత తొందరగా ఆరదు."

కెనెష్ ఫోన్లు చేశాడు. బంధువులు వచ్చారు, వాళ్ళతో చావు భోజనానికి ఒక గొర్రె కూడా వచ్చింది. ఇంతలో ఆఫీసు నుంచి ఫోను.

"మీ వీధిలో చావట. మందు కొట్టాలి, బండేసుకుని పో."

"ఇక్కడే ఉన్నానండీ. ఎవరూ పోలేదు."

"మరి ఆ గొర్రె ఎందుకరుస్తోంది?"

ఈలోగా ఆడవాళ్ళు గుడారంలో చేరారు. సల్కిన్ తోటికోడలు బురుమా శోకం అందుకుంది. సల్కిన్ చేతి రొట్టె లాంటిది లోకంలోనే లేదట.

ఇంట్లో సల్కిన్ కళ్ళు తెరిచింది. "ఎవరే పోయింది?"

"ఎవరూ పోలేదత్తయ్యా. అంటే... మీరేనట" అంది జిల్దిజ్.

"ఏడుస్తున్నది బురుమానా? నా రొట్టెను బండరాయి అనేది కదే అది. ఆ గిన్నె ఇటు తే. దానికి జవాబు చెప్పాలంటే ఒంట్లో సత్తువుండాలి."

గిన్నె ఖాళీ చేసి, కోడలి భుజం పట్టుకుని బయటికొచ్చింది. వాకిట్లో ఏడుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కెనెష్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

బురుమా మాత్రం ఆపలేదు. సల్కిన్‌ను చూసింది, చూస్తూనే ఏడ్చింది. శోకంలో పేరు మారింది. ఇప్పుడది వసంతంలో ఇదే జబ్బుతో పోయిన బురుమా మొగుడి పేరు. ఆయన్ని తెల్ల బట్టలవాళ్ళు సంచీలో మోసుకుపోయి పూడ్చారు. గుడారం లేదు, ఏడవడానికి మనుషుల్ని రానివ్వలేదు. ఆ సంచీ మీద మందు కొట్టినవాడు మైరమ్‌బేకే.

అతను గుడారం దించేద్దామని కర్ర తీసేయబోయాడు.

"ఉండనీరా. అప్పుడు దానికి గుడారం వెయ్యనివ్వలేదు కదా" అంది సల్కిన్. తెచ్చుకున్న జవాబు మింగేసి, వెళ్ళి బురుమా పక్కన కూర్చుంది.

చాలాసేపు విన్నాక కోడలి వైపు వంగి, తన కోసం ఏడ్చినప్పుడు బురుమా గొంతు ఇంత బాగా పలకలేదని చెప్పింది.