నడుముకు మీటరు లేదు

జ్వరమంటే థర్మామీటరు పెడుతుంది. కడుపునొప్పంటే పొట్ట నొక్కి చూస్తుంది. తల తిరుగుతోందంటే బీపీ పట్టీ చుడుతుంది. పెండ్లాం నర్సయితే మొగుడికి దొంగజబ్బు చేసే దారులన్నీ మూసుకుపోతాయని ఏసుకుమార్‌కు పెండ్లయిన మొదటి నెలలోనే తెలిసిపోయింది. శనివారమంతా ఆలోచించి ఆలోచించి చివరికి ఒక్క సందు కనిపెట్టినాడు. నడుము! నడుముకు మీటరు లేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి హాల్లో దివాన్ మీద బోర్లా పడి మూలగడం మొదలుపెట్టినాడు.

"ఏమ్మే జెస్సీ... నడుం పట్టేసింది."

జెస్సీ అద్దం ముందర చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. "నిన్న బాగనే ఉండె కదయ్యా?"

"నడుం చెప్పి పడతాదా?"

ఆమె వచ్చి వేలితో నొక్కింది. "ఈడనా?"

"అబ్బా!"

"ఈడ?"

"అమ్మా!"

"ఇప్పుడు నేను నొక్కనే లేదు. ఎందుకరిచినావు?"

"ముందే అరిస్తే నొక్కవని."

జెస్సీ అతని ముఖంలోకి రెండు నిమిషాలు చూసింది. కడప పెద్దాసుపత్రిలో పదేండ్ల నుంచి రోగులను చూస్తున్న చూపది. ఏసుకుమార్ కండ్లు మూసుకున్నాడు.

"సరే, కదలద్దు. అన్నం మూతేసి పెట్టినా. రెండువందల కుర్చీలు వేసేదానికి ఇంకెవర్నన్నా చూసుకోమని చెప్తా పాస్టరు గారికి" అని ఆమె చర్చికి పోయింది.

ఆ రోజు చర్చిలో కోత పండగ. పండిన పంటలో మొదటి భాగం తెచ్చి దేవుని ముందర పెట్టే పండగ. గుమ్మడికాయలు, శనక్కాయ బస్తాలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు, అన్నీ వస్తాయి. వాటితో పాటు మనుషులూ వస్తారు కాబట్టి కుర్చీలు వేయాలి. కుర్చీల పని ఏసుకుమార్‌ది. ఆలూరు పక్క పల్లెలో వాళ్ల వంశం మొత్తానికి డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. ఇప్పుడు కడపలో కామర్సు లెక్చరరు. చదువుకున్నోడని ఎవరు ఏ పని చెప్పినా కాదనడం చేతకాదు. అట్లా తలకాయ ఊపి ఊపి తెచ్చుకున్న కుర్చీలవి.

మరి అంతటి బాధ్యత గల మనిషి దొంగ నడుంనొప్పికి ఎందుకు దిగజారినాడు?

ఒక ఆట కోసం.

అతనితో పనిచేసే ఫిజిక్సు లెక్చరరు హర్షవర్ధన్ రెండు నెలల ట్రైనింగుకు పోతా పోతా, "ఇంట్లో ఎలకలుండాయి సార్, వైర్లు కొరుకుతాయి, మీ దగ్గర పెట్టుకోండి" అని ఒక నల్ల పెట్టె ఇచ్చిపోయినాడు. టీవీకి తగిలిస్తే అందులో ఒక లోకం తెరుచుకుంటుంది. కొండలు, కోటలు, మంత్రగాళ్లు, చివర్లో మంచుకొండ మీద నిప్పు కక్కే డ్రాగన్. దాన్ని చంపితే ఆట అయినట్టు. ఆ హర్షవర్ధన్ ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి వచ్చి పెట్టె తీసుకుపోతాడు. డ్రాగన్ ఇంకా బతికే ఉంది. అదీ సంగతి.

రెండు నెలలు చాలలేదా అని మీరడగొచ్చు. చాలవు. ఆ లోకంలో ఎటుపడితే అటు పోవచ్చు. 'డ్రాగన్ సంగతి చూడవేమప్పా' అని ఎవరూ తొందరపెట్టరు. ఏసుకుమార్ మొదటి పది రోజులు ఎక్కడికీ పోలేదు. ఆటలో మొదటి ఊరి పక్కనే ఒక ఏరు ఉంది. దాని గట్టున నిలబడి నీళ్లు చూసినాడు. వాన పడితే వానలో నిలబడినాడు. వాళ్ల నాయన శనక్కాయ చేలో నిలబడి ఎన్నేండ్లు మబ్బుల్ని బతిమలాడినాడో, అంత వానా ఇక్కడ అడగకుండానే పడుతోంది.

"ఏం చేస్తాండావయ్యా?" అని అప్పుడొకసారి జెస్సీ అడిగింది.

"ఏటిగట్టున నిలబడినా."

"పెన్నేరు పక్కనే ఉండాది కదా, పోయి నిలబడు."

"దాంట్లో నీళ్లు లేవు కదమ్మే."

ఆ మాట ఆమె అంతటితో వదిలేసింది. కానీ తక్కినవి వదల్లేదు. ఆ లోకంలోనూ ఏసుకుమార్ ఎవరు ఏ పని చెప్పినా కాదనలేకపోయినాడు. ఒక ముసలామె మందాకు తెమ్మంటే మూడు కొండలు దాటి తెచ్చినాడు. "టీవీలో ముసలామెకు మందాకు తెస్తావు. ఇంట్లోకి కరివేపాకు తెమ్మంటే మరిచిపోతావు" అంది జెస్సీ. ఇంకో రోజు అతని సంచి తెరిచి చూపిస్తే లెక్కపెట్టింది. "ఏడు కత్తులు, నాలుగు గొడ్డండ్లు, ముప్పై రొట్టెలు మోసుకొని కొండెక్కుతావా? ఇరవై లీటర్ల నీళ్ల క్యాను మేడ మీదికి మోయమంటే ఆయాసమంటివే!"

ఆ లోకంలో లోపాలు లేవని ఏసుకుమారూ అనడు. గుర్రం నిట్టనిలువు బండను బల్లి మాదిరి ఎక్కుతుంది గానీ మోకాలెత్తు గోడ దాటలేదు. ఊర్లో కొలిమి పెట్టుకున్న కమ్మరికి అతను బుర్రమీసాల బసప్ప అని పేరు పెట్టుకున్నాడు. డ్రాగన్ వచ్చి బసప్ప ఇల్లు కాల్చేసిన రోజు పరామర్శకు పోతే, బసప్ప బూడిదలో నిలబడి, "శుభోదయం బాటసారీ, వాతావరణం బాగుంది కదా" అన్నాడు. ఎప్పుడు పోయినా అదే మాట. తొంభై ఊర్లు తిరిగినా 'అన్నం తిన్యావా' అని అడిగినోడు ఒక్కడు లేడు. అది మాత్రం ఏసుకుమార్‌కు మనసులో గుచ్చుకుంది.

సరే, ఆదివారానికి వద్దాం. జెస్సీ స్కూటరు చప్పుడు సందు మలుపు తిరగ్గానే రోగి లేచి కూర్చున్నాడు. కంట్రోలరు తీగ దివాన్ కాళ్ల దాకానే వస్తుంది కాబట్టి నేల మీద గొంతుకూర్చుని, గుర్రాన్ని మంచుకొండ వైపు తిప్పినాడు. ఈ పొద్దు ఎవరి మాటా వినకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

దారిలో ఒక ముసలాయన చేతులు జోడించినాడు. "బాటసారీ, నా మేక తప్పిపోయింది."

మేకంటే ఇల్లు గడిచే ఆధారం. అది తెలిసిన మనిషి ఎట్లా పోగలడు?

రెండు గంటలు వెదికినాడు. చివరికి మేక ఒక బండలో దొరికింది. బండ మీద కాదు, బండలో. తలకాయ లోపల, తోక బయట. ఆట తయారుచేసినోళ్లు ఎక్కడో లెక్క తప్పినారు. లాగినా రాదు, పిలిచినా రాదు. ఆ ముసలాయనకు ముఖం చూపించలేక ఏసుకుమార్ చుట్టుదారిన కొండెక్కినాడు. పన్నెండున్నరకు శిఖరం చేరినాడు. జోరు వాన. ఎదురుగా డ్రాగన్. కత్తి దూసినాడు.

కాలింగ్ బెల్ మోగింది.

నాలుగు గంటలు గొంతుకూర్చున్న మనిషి ఒక్క ఎగురు ఎగిరి, కంట్రోలరును దివాన్ కిందికి తోసి, దాని మీదికి బోర్లా దూకినాడు. దూకుడు మధ్యలో నడుములో 'కటక్' మంది.

ఈసారి నిజంగా.

తలుపు తాళం తిరిగింది. అత్త జీవమ్మ లోపలికొచ్చింది. పండక్కని పొద్దున్నే ఆత్మకూరు నుంచి బస్సెక్కి నేరుగా చర్చికి పోయి, కూతురి దగ్గర తాళంచెవి తీసుకొని ఇటే వచ్చింది. చేతిలో కాపడానికి ఆముదపాకులు, ఉప్పు మూట.

"ఎట్లుండాది అల్లుడా?"

"శానా నొప్పి అత్తా. నిజంగా."

"నిజంగా అని నేనడగలేదే" అని జీవమ్మ కూర్చుని టీవీ వైపు చూసింది. "ఆ బొమ్మేంది నాయనా? మనిషి వానలో ఊరికే నిలబడినాడు. పక్కన గుర్రం తడుస్తాంది. చెట్టు కింద కట్టేయల్లని తెలీదా వానికి?"

"తెలీదత్తా. బుద్ధి తక్కువోడు."

అంతలో డ్రాగన్ వచ్చి ఆ బుద్ధి తక్కువోని మీద నిప్పు కక్కింది. తెర నల్లబడి ఎర్రటి అక్షరాలొచ్చినాయి.

"ఏమని రాసినారు?"

"కార్యక్రమం సమాప్తం అని" అన్నాడు ఏసుకుమార్, దిండులో ముఖం పెట్టుకొని.

జీవమ్మ ఆముదపాకులు పక్కన పెట్టేసింది. "ఇది ఆకులకు పోయే నొప్పి కాదు. ఎదురుకాళ్లతో పుట్టినోళ్లు మూడు తన్నులు తంతే టక్కున పోతాది. మీ వీధి చివర తిమ్మన్న అట్ల పుట్టినోడే అంట."

తిమ్మన్న మంగంపేట ముగ్గురాయి మిల్లులో బస్తాలెత్తే మనిషి. అతని చెప్పులో ఏసుకుమార్ రెండు పాదాలు పడతాయి.

"తిమ్మన్న పనికి పోయినాడత్తా! సోమవారం గానీ రాడు!" అని అరిచి, దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

"అయ్యో, ఎంత మతిమరుపు నాది!" జీవమ్మ నుదురు కొట్టుకుంది. "మా జెస్సీ ఎదురుకాళ్లతో పుట్టిందే కదా!"

అప్పుడే గడపలో చెప్పులిడిచి జెస్సీ లోపలికొస్తోంది.

ఏసుకుమార్ భయపడలేదు. జెస్సీ నర్సు, సైన్సు చదివిన మనిషి. ఇట్లాంటి నాటు వైద్యాల మీద ఆస్పత్రిలో రోజూ పోట్లాడుతుంది. "జెస్సీ, చూడు, మీ అమ్మ నన్ను తన్నిపించల్లంటాంది. ఇదంతా ఒట్టిదని చెప్పు" అన్నాడు ధీమాగా.

జెస్సీ టీవీ చూసింది. వంగి దివాన్ కింద మినుకుమినుకుమంటున్న నీలిరంగు దీపాన్ని చూసింది. కంట్రోలరు బయటికి తీసి చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉంది. దాన్ని టీవీ పక్కన పెట్టింది. చీర కొంగు నడుముకు దోపింది.

"పెద్దోళ్ల మాట ఊరికే పోదులే. ఎన్ని తన్నల్ల మా?"

"మూడు."

"ఎక్కువైతే ఏమన్నా నష్టమా?"

"నష్టమేముంది, లాభమే."

"జెస్సీ! నువ్వు సైన్సు..."

మొదటిది పడింది.

"అమ్మో! చెప్తా, చెప్తా! పొద్దున నాటకమాడినా!"

"తెలుసు."

"హర్షవర్ధన్ ఆరింటికొస్తాడు, డ్రాగన్ మిగిలిపోయింది!"

"అదీ తెలుసు."

"కానీ ఇప్పుడు నిజంగానే పట్టిందమ్మే! దేవుని తోడు!"

జెస్సీ ఆగింది. వంగి వేళ్లతో నడుము తడిమింది. ఒకచోట కండ రాయి మాదిరి గట్టిపడి ఉంది. "ఓహో" అంది. ఆ తర్వాత రెండోది మెల్లగా పడింది. మూడోది మడమతో, అంగుళం పక్కకు, కొలత పెట్టినట్టు.

కటక్.

ఏసుకుమార్ ఊపిరి బయటికొచ్చింది. బిగిసిన తాడు ఎవరో తెంపినట్టు నడుమంతా వదులైంది. అటు తిరిగినాడు, ఇటు తిరిగినాడు. లేచి నిలబడినాడు. నొప్పి పోయింది. దాంతో పాటు పొద్దుట్నుంచి ఛాతీ మీద కూర్చున్న అబద్ధం కూడా దిగిపోయింది. రెండిట్లో ఏది ఎక్కువ బరువో అతనికి తెలియలేదు.

"బాగైందా?" అంది జెస్సీ.

"బాగైంది" అన్నాడు, తల దించుకొని.

"అయితే పద. పొద్దున కుర్చీలు వేసేదానికి మనుషులు దొరికినారు. తీసేదానికి ఎవరూ దొరకలేదు."

సాయంత్రం ఆరింటికి చర్చి ఆవరణలో నూటతొంభయ్యో కుర్చీ పేరుస్తుంటే హర్షవర్ధన్ పెట్టె కోసం వెదుక్కుంటూ అక్కడికే వచ్చినాడు. జెస్సీ సంచిలో తెచ్చిన పెట్టె అతని చేతికిచ్చింది.

"డ్రాగన్‌ను చంపినారా సార్?"

"లేదు సార్" అన్నాడు ఏసుకుమార్ సిగ్గుగా. "రెండు నెలలున్నా చేతకాలేదు."

హర్షవర్ధన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు. "నేనూ చంపలేదు సార్. రెండేండ్లయింది. మొదటి ఊరి పక్కన ఒక ఏరుంటాది చూడండి..."

"గట్టున నల్ల బండ?"

"ఆ, ఆ బండే. దాని మీద కూర్చుంటా."

ఏసుకుమార్‌కు ప్రాణం తేలికైంది. మిగిలిన పది కుర్చీలు ఇద్దరూ కలిసి పేర్చినారు.

జీవమ్మ మిగిలిన గుమ్మడికాయతో ఆటోలో ముందుపోయింది. స్కూటరు మీద ఇంటికి పోతుంటే ఏసుకుమార్ అడిగినాడు. "ఏమ్మే, నువ్వు ఎదురుకాళ్లతో పుట్టినావని నాకెప్పుడూ చెప్పలేదే?"

వెనక నుంచి నవ్వు వినిపించింది. "నేను ఆపరేషను బిడ్డనయ్యా. కాళ్లూ ముందు రాలే, తలకాయా ముందు రాలే."

స్కూటరు కొంచెం వంకర తిరిగింది. "మరి మీ అమ్మ?"

"బెల్లు కొట్టకముందు కిటికీలోంచి పది నిమిషాలు చూసిందంట. నడుం పట్టినోడు నేల మీద కూర్చుని టీవీలో కత్తి తిప్పుతాండాడని నాకు ఫోన్ చేసింది. వైద్యం కూడా ఆమే చెప్పింది."

ఏసుకుమార్ స్కూటరు వేగం తగ్గించినాడు. "అదంతా ఒట్టిదైతే నొప్పి ఎట్ల పోయిందే?"

"నర్సును కదా. యాడ తన్నల్లో నాకు తెలుసు."

మలుపు దగ్గర కూరగాయల బండి కనిపిస్తే ఏసుకుమార్ బ్రేకు వేసినాడు.

"ఏమయ్యా, నిలిపినావు?"

"కరివేపాకు" అన్నాడతను, వెనక్కి తిరక్కుండా.