పాతది ఇరవై ఏడు, కొత్తది తొమ్మిది

ఆ బుధవారం పొద్దున షట్టరు ఎత్తుతూ మొగులయ్య ఒక్కటే అనుకున్నాడు: పాత కంప్యూటరా, కొత్తదా, సాయంత్రంలోగా తేల్చేయాలి. యాకుత్‌పురా స్టేషన్‌కు పోయే దారిలో 'కంప్యూటర్ జాతకాలు, జిరాక్స్, లామినేషన్' అన్న బోర్డు కింద పదమూడేళ్లుగా ఒకే కంప్యూటరు నడుస్తోంది. అందులో ఉన్నది విండోస్ సెవెన్. మీట నొక్కి, బయటికెళ్లి చాయ్ తాగి, పేపరు చదివి తిరిగొచ్చినా అది ఇంకా మేలుకుంటూనే ఉంటుంది. కూతురు పూజిత ఆరు నెలలుగా పోరి పోరి, చివరికి ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, విండోస్ లెవెన్ ఉన్న కొత్త కంప్యూటరు తెచ్చి పాతదాని పక్కన పెట్టింది. జాతకాల సాఫ్ట్‌వేరు కూడా అందులో ఎక్కించింది.

"బాపు, నీ దానికి అప్‌డేట్లు బందై ఏండ్లయింది. వైరస్ గిట్ల వస్తే మొత్తం పోతది. ఇగ పక్కకు పెట్టు."

"పెట్టుడు ఎంతసేపు బిడ్డా? నా చెయ్యి దానికి అలవాటైంది. దీన్ల ఏది యాడున్నదో సమజైత లేదు."

మొగులయ్య అంతకుముందు ఇరవై ఏళ్లు కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసినవాడు. రెండుసార్లు సరిచూడనిదే ఏ కాగితమూ చెయ్యి దాటనివ్వడు. అందుకని కొత్తదాన్ని పరీక్షించడానికి, పోయిన వారం పాతదాంట్లో చూసిన ఒక జాతకాల పొంతననే మళ్లీ కొట్టాడు. పాల వ్యాపారం చేసే పుష్పమ్మ కూతురు అఖిలది, బార్కస్‌లో ఉండే చంద్రమ్మ కొడుకు మురళిది. పాతది ముప్పై ఆరు పాయింట్లకు ఇరవై ఏడు ఇచ్చింది. పద్దెనిమిది దాటితే చాలంటారు కాబట్టి రెండు ఇళ్లలోనూ సంబరపడ్డారు. శుక్రవారం నిశ్చితార్థం.

కొత్తది తొమ్మిది ఇచ్చింది.

మొగులయ్య తారీకులు మళ్లీ సరిచూశాడు. అదే తొమ్మిది. పోల్చి చూసుకుందామని పాతదాంట్లోంచి ఒకటి, కొత్తదాంట్లోంచి ఒకటి ప్రింటు కొట్టాడు. రెండూ ఒకే ప్రింటరులోంచి ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. చూపు సరిగా ఆనక కళ్లజోడు కోసం వెనక గదిలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ట్రేలో ఒక్క కాగితమే ఉంది. ఇరవై ఏడు పాయింట్లది.

"ఇంకోటి ఏది?"

"పుష్పమ్మ వచ్చింది బాపు. పిల్లగాని వాళ్లకు చూపెట్టనీకె జాతకం కాగితం కావాలన్నది. పైన అఖిల పేరున్న కాగితం ఉంటే ఇచ్చిన. ఆటో ఆపుకొని వచ్చింది, ఎమ్మటే పోయింది."

మొగులయ్య ఫోను అందుకున్నాడు. పుష్పమ్మకు చదువు రాదు. చంద్రమ్మకు వచ్చు. ఫోను చేస్తే పుష్పమ్మ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. పదకొండోసారికి ఎత్తింది. వెనక నుంచి ఎవరో ఆడమనిషి గట్టిగా మాట్లాడుతోంది.

"ఏంది అన్నా గిట్ల చేసినవ్? తొమ్మిదంట! చంద్రమ్మ వదిన కాగితం పట్టుకొని కూసున్నది!"

ఆ కంగారులో మొగులయ్య నోటికి మొదట దొరికిన మాట అనేశాడు. "గది మీ అఖిలది కాదమ్మా. వేరే అఖిలది. పొరపాటున వచ్చింది. జర ఆమెకు చెప్పు."

పుష్పమ్మ ఊపిరి పీల్చుకుని ఆ మాటే చంద్రమ్మకు చెప్పింది. ఆమె కాగితాన్ని మళ్లీ చదివింది. అదే పుట్టిన తేదీ, అదే తల్లి పేరు, అదే తండ్రి పేరు, పక్కన తన కొడుకు పేరు. అంతదాకా పాయింట్ల గురించి మాత్రమే ఉన్న అనుమానం అక్కడ దారి మళ్లింది.

"అంటే రెండు జాతకాలు చేపిచ్చిన్రన్న మాట!" ఫోనులోంచి చంద్రమ్మ గొంతు మొగులయ్య చెవిలోకి నేరుగా దూరింది. "ఒకటి ఇంట్ల పెట్టుకోనీకె, ఒకటి మాకు చూపెట్టనీకె! వస్తున్న, ఆడనే ఉండు. మీరిద్దరు కలిసి ఆడిన నాటకం అక్కడనే తేల్చుకుందాం."

అరగంటలో ఆటో వచ్చి షాపు ముందు ఆగింది. ముందు చంద్రమ్మ దిగింది, వెనక కళ్లు తుడుచుకుంటూ పుష్పమ్మ, అందరికంటే వెనక చంద్రమ్మ భర్త అంజయ్య. ఆయన లోపలికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నమస్తే పెడితే తలూపాడు, అంతే. జిరాక్సు కోసం వచ్చిన ఇద్దరు తమ పని మరిచిపోయి అక్కడే నిలబడిపోయారు. మొగులయ్య కలిపిన జంట ఇంతవరకు విడిపోలేదని బస్తీలో పేరు. ఆ పేరు ఈ పూటతో పోయేలా ఉందని ఆయనకు అర్థమవుతూనే ఉంది.

"అమ్మా, నాటకం ఏం లేదు," అన్నాడు మొగులయ్య. "గీ కొత్త కంప్యూటర్ ఖరాబైంది. పొద్దున్నే తెచ్చినం. ఇది తప్పు చెప్తున్నది. పాతదే కరెక్టు. ఇగో, ఇరవై ఏడు."

చంద్రమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కో వరుసా చదువుకుంటూ కిందికి వచ్చింది. ఒకచోట వేలు ఆగింది.

"పుష్పమ్మా, మీ బిడ్డ ఏ వారం పుట్టింది?"

"గురువారం వదినా. ఒక్కపొద్దున్న. పొద్దుగాల నొప్పులు మొదలైతే ఉత్త కడుపుతోనే దవాఖానకు పోయిన. మర్చిపోతనా?"

"ఇగో, పాతదాన్ల శనివారం ఉన్నది. కొత్తదాన్ల గురువారం."

పూజిత పాత కంప్యూటరు ముందుకు వంగి గబగబా ఏవో తెరిచింది.

"బాపు, దీన్ల నెల ముందు, తారీకు తర్వాత పెట్టున్నది. ఆగస్టు అయిదు అని నువ్వు కొడితే ఇది మే ఎనిమిది అని తీసుకుంటున్నది. పన్నెండు దాటిన తారీకులే సక్కగ తీసుకుంటది. పన్నెండు లోపల పుట్టినోళ్లవి అన్నీ ఉల్టా. ఎప్పటిసంది గిట్ల ఉన్నది?"

మొగులయ్యకు బాగా గుర్తుంది. తొమ్మిదేళ్ల కింద వైరస్ వస్తే తనే కూర్చుని మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించాడు. మధ్యలో అది ఏదేదో అడిగింది. అడిగిన ప్రతిదానికీ 'నెక్స్ట్' కొట్టాడు.

తొమ్మిదేళ్లు! మాఘమాసాలు, శ్రావణమాసాలు, ఎన్ని పెళ్లిళ్లు! ఆయన కళ్ల ముందు బస్తీలోని దంపతులందరూ వరసగా నడిచిపోయారు. వాళ్లలో చివర కనబడింది తన కూతురే. పూజిత పుట్టింది ఫిబ్రవరి నాలుగు. పెళ్లికి జాతకం చూసింది ఈ పాతదాంట్లోనే. అప్పుడు వచ్చినవి ముప్పై.

ఆయన చూపు ఎటు పోయిందో చంద్రమ్మ పట్టేసింది. "నీ బిడ్డది కూడా దీన్లనే చూసినవా? అయితే కొత్తదాన్ల కొట్టు. నేను చూస్త."

"ఇప్పుడెందుకమ్మా గదంత..."

"కొట్టు బాపు," అంది పూజిత. గొంతు మామూలుగానే ఉంది కానీ, కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది.

మొగులయ్య కొట్టాడు. ఏడు వచ్చింది.

పూజిత తెర మీదికి వంగి ఆ అంకె చూసింది. "ఏడా?" అంది మెల్లగా. "పొద్దున నాకు సెలవైనా సరే, మా ఆయన టిఫిన్ కట్టిచ్చి పోయిండు. ఏడుకే గట్లుంటే, ఇగ ముప్పై వస్తే ఎట్లుంటుండెనో!"

జిరాక్సు కోసం వచ్చినవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. చంద్రమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. కుర్చీ లాక్కుని కొత్త కంప్యూటరు ముందు కూర్చుంది.

"మాది కొట్టు. నాది జూన్ మూడు. ఆయనది అక్టోబర్ ఆరు."

గోడ దగ్గర అంజయ్య కొంచెం కదిలాడు. మొగులయ్య కొట్టాడు. కొత్త కంప్యూటరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ముప్పై మూడు.

"అబ్బో, మస్తు జోడీ!" అన్నాడు మొగులయ్య, ఏదైనా మంచిమాట అంటే వాతావరణం తేలికపడుతుందేమోనని.

చంద్రమ్మ ఆ అంకె వంక చూసింది. తర్వాత భర్త వంక చూసింది. మళ్లీ అంకె వంక చూసింది.

"ముప్పై మూడు," అంది. "ముప్పై ఒక్క ఏండ్లు ఈయనతోటి కాపురం చేసిన. కూర ఎట్లున్నదని అడిగితే చెప్పడు. చీర ఎట్లున్నదంటే చూడడు. జ్వరమొచ్చి పండుకుంటే 'ఏమైంది' అన్న మాట లేదు. దీనికి ముప్పై మూడు!"

అంజయ్య గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

ఆమె లేచి, తొమ్మిది పాయింట్ల కాగితాన్ని నిలువునా చింపి మొగులయ్య చేతిలో పెట్టింది. ఇరవై ఏడు పాయింట్లదాన్ని మడిచి సంచిలో వేసుకుంది. "మా కాపురానికి ముప్పై మూడిచ్చే కొత్తదాన్ని నేను నమ్మ. పాతదాన్ల వచ్చిందే ఖాయం. నా కొడుక్కు నా తీరు జోడీ వద్దు. పుష్పమ్మా, ఏడ్సుడు బంద్ చెయ్. శుక్రవారం పనులు యాడియాడనే ఉన్నయ్."

"నిజంగనా వదినా?" పుష్పమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, మళ్లీ ఆ ఆనందంలో ఏడ్చి, మొగులయ్యకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఏ తప్పుకు ఆ మొక్కు అందుకుంటున్నాడో తెలియక ఆయన కూడా తిరిగి మొక్కాడు.

ఆడవాళ్లిద్దరూ ఆటో ఎక్కారు. పూజిత చాయ్ చెప్పడానికి పక్క హోటలుకు వెళ్లింది. అంజయ్య మాత్రం గుమ్మం దగ్గర చెప్పులు సరిచేసుకుంటున్నట్టు వంగి, అలాగే వెనక్కి వచ్చాడు.

"అన్నా," అన్నాడు. చాలాకాలం వాడని తాళంలా గొంతు కిర్రుమంది. "మాది జర పాతదాన్ల కూడా చూడరాదు?"

మొగులయ్య మారుమాట లేకుండా పాత కంప్యూటరులో రెండు తారీకులూ కొట్టాడు. పద్నాలుగు. పద్దెనిమిది కూడా దాటలేదు.

బయట ఆటోలోంచి చంద్రమ్మ కేకేసింది. అంజయ్య తొందరపడలేదు. ప్రింటు తీయించుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో భద్రంగా దాచుకున్నాడు. మెల్లగా నవ్వాడు.

"ఇది తీసెయ్యకు అన్నా," అన్నాడు. "ఇదే నిజం చెప్తది."