కోళ్లకు కట్టిన దోమతెర

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: నాయన దూలయ్య, అమ్మ కన్నమ్మ, నాయనమ్మ జంపక్క, ఒక కోడిపెట్ట, దాని తొమ్మిది పిల్లలు. ప్రమీల తన నోటుబుక్కులో ఇలాగే రాసుకుంది. తన పేరు రాయడం మరిచిపోయింది. ఆ తప్పును ఎవరూ దిద్దలేదు. ఆ బుక్కును ఇంతవరకు ఎవరూ తెరవలేదు మరి.

పదో తరగతి పాసై ఇంట్లో కూర్చున్న ఈ రెండు నెలల్లో ప్రమీలతో ఇంట్లోవాళ్లు అన్న మాటలన్నీ కలిపితే ఒక్క పేజీ నిండదు. అందులో సగం "నీళ్లు తే", మిగతా సగం "జరుగు". ఆమెకు నోరు లేక కాదు. మాట గొంతు దాకా వచ్చేసరికి అవతలివాళ్లు ఇంకో సంగతిలోకి వెళ్లిపోయేవారు. అందుకని చూసేది, రాసేది.

రెండు వేల ఆరు, వానలు మొదలైన కొత్త. పొద్దున్నే దూలయ్య ఉరుకుతూ వచ్చాడు. చర్ల రోడ్డు బురదలో జీపు దిగబడిందట. అందులో ఖమ్మం నుంచి ముగ్గురు వచ్చారట. గవర్నమెంటు ఇచ్చిన దోమతెరలను ఎవరు ఎట్లా వాడుతున్నారో ఇంటింటికీ తిరిగి చూస్తారట.

"మంచిగ వాడేటోళ్లకు ఇంకో తెర ఇస్తరంటనే! దాన్ని మిర్చి నారు మీద కప్పుదాం."

"ఒకటిస్తే కోళ్ల మీద కప్పితివి. రెండోది నారు మీద. మూడోదిస్తే మనం పండుకుంటమా?" అంది కన్నమ్మ.

"మూడోదిస్తే వాగుల చేపలు పట్టొచ్చు."

"మరి దోమలు?"

"గవి మా తాత కాలం నుంచి మనింట్లనే ఉన్నయి. ఇప్పుడు ఎల్లగొడితే ఏడ పోతయే?"

ఏడాదిగా ఆ తెర వాకిట్లో నాలుగు గుంజలకు కట్టి ఉంది. గద్దల భయం లేకుండా కోడిపిల్లలు దాని కిందే పుట్టి పెరిగాయి. దూలయ్య తెర విప్పి, ఈకలు దులిపి, ఇంట్లోకి పట్టుకొచ్చాడు. గోడలకు నాలుగు మేకులు కొట్టి జంపక్క మంచం చుట్టూ వేలాడదీశాడు. పెట్టనూ పిల్లలనూ గంప కింద మూశాడు.

"అవ్వా, లోపల పండుకో. జరమొచ్చినట్టు."

"తెరలో పండితే జరమెట్లొస్తదయ్యా?" అంది కన్నమ్మ.

"అయితే జరం తగ్గినట్టు పండుకో."

జంపక్క కోయ భాషలో ఏదో అంది. ప్రమీలకు అర్థమైంది గానీ అది బుక్కులో రాయదగ్గ మాట కాదు.

"ఏయ్ పిల్లా, నువ్వేం మాట్లాడకు," అన్నాడు దూలయ్య. ప్రమీలకు ఈ హెచ్చరిక చేయాల్సిన అవసరం ఆ ఊళ్లో ఇంతవరకు ఎవరికీ రాలేదు.

ముగ్గురూ మోకాళ్ల దాకా బురదతో వచ్చారు. దూలయ్య చాప పరిచి, ముందు తనే విచారణ మొదలుపెట్టాడు.

"సార్లు దోమల డాక్టర్లా?"

"కాదన్నా," అన్నాడు లావుపాటి రామ్‌చందర్. "నేను పదేండ్లు వ్యాన్ల ఊరూరు తిరిగి సబ్బులమ్మిన."

"నేను దవాఖానాల నర్సును. పన్నెండేండ్లు చేసిన," అంది తబితా.

మూడో ఆయన ఆంథోని. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. "నేను ఫాదర్ కావాలని ఏడేండ్లు చదివిన. కాలే."

"మరి ఇప్పుడేం చేస్తరు?"

"మంచిదని తెలిసిన పని మనుషులు ఎందుకు చెయ్యరో చూస్తం," అంది తబితా. "దాన్ని బిహేవియరల్ సైన్స్ అంటరు."

"చూస్తరు. గంతేనా?"

"చూసింది రాస్తం."

తలుపు మూలన ప్రమీల పెన్సిలు ఆగిపోయింది. చూస్తారు, రాస్తారు. దానికి ఒక పేరుంది! ఆ పని కోసం మనుషులు జీపెక్కి వస్తారు! ఇలా మూలన నిలబడి చూసే జబ్బు ప్రపంచంలో తనకొక్కదానికే ఉందని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఈ పనికి ఏం చదవాలి? వాళ్లు వెళ్లేలోపు ఈ ఒక్క మాట అడగాలి. అది గొంతు దాకా వచ్చి, అలవాటు ప్రకారం అక్కడే కూర్చుంది. చేజారిపోకుండా దాన్ని బుక్కులో రాసి పెట్టుకుంది.

ఈలోగా దూలయ్య పెళ్లాన్ని పెరట్లోకి లాక్కెళ్లాడు. "మనం గెలిచినమే! ఒకడు సబ్బులోడు, ఒకడు చర్చీల ఫెయిలైనోడు, ఆమె సూదులామె. దోమల చదువు చదివినోడు ఒక్కడు లేడు!"

తిరిగి వచ్చేసరికి రామ్‌చందర్ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. "ఈ మేకులెప్పుడు కొట్టినవన్నా?"

"తెర ఇచ్చిన్నాడే. ఏడాదాయె."

రామ్‌చందర్ మేకు కింద రాలిన మట్టిని వేలితో తీసి చూశాడు. "నేను సబ్బులమ్మేటప్పుడు ఏ ఇంటికి పోయినా నా సబ్బే ముందు పెట్టేటోళ్లు. మీద కాయితం గూడ విప్పకపోదురు."

తబితా తెర ఎత్తి జంపక్క చెయ్యి పట్టుకుంది. "అవ్వా, ఇన్ని దోమకాట్లేంది?"

"గవి చిన్నప్పటియి మేడం," అన్నాడు దూలయ్య.

"ఇంకా ఎర్రగున్నయి."

"మా అవ్వ రక్తం గసుంటిది."

ఆంథోని మాత్రం ఏమీ అడగలేదు. చాప మీద కూర్చుని దూలయ్య వైపు చూస్తూ మెల్లగా నవ్వుతున్నాడు. తప్పులు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ల ఎదుట ఎలా కూర్చోవాలో ఆయన ఏడేళ్లు నేర్చుకున్నాడు.

"వానొచ్చేటట్టుంది సార్," అన్నాడు దూలయ్య.

ఆంథోని తలూపాడు.

"తెర నిన్ననే ఉతికినం సార్."

ఆంథోని మళ్లీ తలూపాడు.

"ఉతికినమంటే... జర కోళ్లు..."

"నోరు మూస్తవా? ఆయన ఏమన్న అడిగిండా?" అని కసిరింది కన్నమ్మ.

సరిగ్గా అప్పుడు వాకిట్లో గంప కదిలింది. పెట్ట దాన్ని తోసుకుని బయటికొచ్చింది. గుంజల దగ్గరకు వెళ్లి చూసింది. ఇల్లు లేదు. అటూ ఇటూ మెడ తిప్పింది. గడప అవతల తన ఇల్లు కనపడింది. బిడ్డలను వెంటేసుకుని, ఆంథోని కూర్చున్న చాప మీదుగా దర్జాగా నడిచి, తెర అంచు కింద తల దూర్చి, జంపక్క మంచమెక్కి కూర్చుంది. పిల్లలు ఎక్కలేక కిచకిచలాడాయి. జంపక్క జరం సంగతి మరిచి లేచి, ఒక్కోదాన్ని పైకి తీసుకుని తొమ్మిదీ లెక్క చూసుకుంది.

ఆంథోని గొంతు సవరించుకున్నాడు. "దూలన్నా, నలభై ఇండ్లు తిరిగినం. ఎవరూ చెప్పకుంటనే తెరలకు పోయి పండుకునేటోళ్లను ఇయ్యాలనే చూసినం."

"దారి తప్పినయి సార్! రోజూ మేమే పండుకుంటం. నా బిడ్డ మీద ఒట్టు!" దూలయ్య ప్రమీల నెత్తి మీద చెయ్యి పెట్టాడు. నాయన తనను తాకి ఎన్నాళ్లయిందో ఆమెకు బుక్కు చూస్తే గానీ గుర్తు రాదు.

ముగ్గురూ నవ్వుకుంటూ లేచారు. సంచులు భుజానికి వేసుకున్నారు. ప్రమీల వాళ్ల వెనకాలే వాకిలి చివరి దాకా వెళ్లింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

ఆ ప్రశ్న ఉన్నది బుక్కులోనే. దాని ఎదురు పేజీలో ఏముందో కూడా ఆమెకు తెలుసు. చూపిస్తే రెండో తెర పోతుంది, నాయన పరువూ పోతుంది. తబితా ఇంకో అడుగు వేసింది. ప్రమీల బుక్కు తెరిచి ఆమె చేతిలో పెట్టింది.

తబితా ఎడమ పేజీ నుంచే మొదలుపెట్టి, పైకే చదివింది. "'ఈ రోజు కూడ తెర కోళ్లకే. కోళ్లను దోమలు కుట్టలేదు. నన్ను పదకొండు కుట్టాయి.'"

రామ్‌చందర్ తొంగి చూసి పేజీలు తిప్పాడు. "ఏడాదంత ఉంది మేడం! తారీకులతో సహా!"

గడపలో దూలయ్య ఒట్టు పెట్టిన చెయ్యిని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

తబితా కుడి పేజీ చూసి నవ్వు ఆపింది. "ఇది నువ్వు మమ్మల్ని అడుగుతున్నవా బిడ్డా?"

ప్రమీల తలూపింది.

"మా ముగ్గుర్ని చూసినవ్ గదా. ఎవరమూ ఒక్క తొవ్వల రాలే. నువ్వు ఇంటర్ల ఏది చదివినా సరే, గీ రాసుడు మాత్రం ఆపకు." సంచిలోంచి ఒక కొత్త నోటుబుక్కు తీసింది. "నెల రోజులు మీ ఇంట్ల ఏం చూస్తే గది రాయి. మళ్లొస్తం. రెండో తెర సంగతి నీ బుక్కు చూసినంకనే."

"అవ్," అంది ప్రమీల. ఆ రోజు ఆమె పైకి అన్న మొదటి మాట అది.

పొద్దు గూకింది. ముగ్గురి కళ్లు కప్పుదామనుకున్న దూలయ్యకు నాలుగో మనిషి ఇంట్లోనే తయారైంది.

"ప్రమీలమ్మా, జర మంచిగ రాయి తల్లీ," అన్నాడు. 'అమ్మ' చేర్చి పిలవడం అదే మొదలు.

"చూసిందే రాయమన్నరు."

"చూసినవా నీ తెలివి? ఉన్న ఒక్క తెరా..." అని మొగుడి మీద అందుకున్న కన్నమ్మ, పెన్సిలు కదలడం చూసి ఆగిపోయింది. జవాబివ్వబోయిన దూలయ్య కూడా పెన్సిలు చూసి నోరు మూశాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఒక కొట్లాట సగంలో ఆగడం ఇదే మొదటిసారి. ఇద్దరికీ ఊపిరాడలేదు.

"బిడ్డా, జర అరుగు మీద కూసో," అంది కన్నమ్మ చివరికి.

"ఎందుకమ్మా?"

"మేం కొట్లాడుకోవాలె."

దూలయ్య అవునన్నట్టు తలూపాడు. వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం ప్రమీల ఎప్పుడూ చూడలేదు. అది కూడా రాసుకుని బయటికి వచ్చింది. వాకిట్లో ఉత్త గుంజలు, చిమ్మటల రొద. దీపం వెలుగులో లోపల నాయన కనిపిస్తున్నాడు. తెరలో నాయనమ్మ, ఆమె కాళ్ల దగ్గర పెట్ట, తొమ్మిది పిల్లలు.

ప్రమీల కొత్త బుక్కు మొదటి పేజీ తెరిచి 'ఇంట్లో ఉన్నవాళ్లు' అని రాసింది. ఈసారి తన పేరే ముందు పెడదామని పెన్సిలు ఆనించింది.

"నువ్వు చూస్తుంటే నోరొస్తలేదే," అంటూ కన్నమ్మ తలుపు మూసింది.