చెక్క బీరువాలో ఆఖరి అధ్యాయం

ఆ ఆదివారం ఉదయం సుతప రెండు నిర్ణయాలు తీసుకుంది. కుక్కర్ ముట్టకూడదు, నోరు విప్పకూడదు. రెండోదే కష్టమని ఆమెకూ తెలుసు.

ఆమె భర్త పరిమళ్, పాత బెంగాలీ నవలల్ని తలో అధ్యాయం చదివి, ఎవరైనా ఉచితంగా వినేలా ఇంటర్నెట్‌లో పెట్టే బృందంలో ఒకడు. ఈసారి పట్టుబట్టి ఆఖరి అధ్యాయం తీసుకున్నాడు. అది వాళ్ళమ్మ కనకప్రభకి ప్రాణమైన పుస్తకం. చూపు పోయిన ఆవిడకి దాన్ని కొడుకు గొంతులో వినాలని ఆశ.

కానీ ఉత్తర కలకత్తా గల్లీకి సాహిత్యమంటే లెక్కలేదు. రికార్డింగులు విని తప్పులు పట్టే సిలిగురి ఆశిమాదీదీకి మొదటిసారి రిక్షా గంట వినిపించింది, రెండోసారి సుతప కుక్కర్ కూత. "ఇంకోసారి చప్పుడొస్తే ఆ అధ్యాయం వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను నాయనా" అని ఫోనులో చెప్పేసింది. ఆ కూత సుతప మనసులో ముల్లులా ఉండిపోయింది.

"అమ్మ పడుకుందా?" బయటి చప్పుడు రాకుండా రజాయిలు కుక్కిన పెద్ద చెక్క బీరువాలోకి దూరుతూ అడిగాడు పరిమళ్.

"దగ్గుమందు తాగి ఇప్పుడే పడుకున్నారు. మీరు తలుపేసుకోండి. నేనుండగా ఒక్క చప్పుడు రాదు."

రోజూ ఆ వేళకి కనకప్రభ బాల్కనీలో నిలబడి చేపల నితాయితో బేరమాడితే గల్లీ అంతా వినిపిస్తుంది. చేప తాజాదో కాదో ఆవిడ వాసనతోనే పట్టేస్తుంది. "మాషీమా!" అని ముసలావిడ కోసం నితాయి గొంతెత్తాడో లేదో సుతప బాల్కనీలోకి పరిగెత్తింది. పెదవులమీద వేలు పెట్టింది. లోపలి గది చూపించి, చెంపకింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసింది.

నితాయి నెత్తిమీద బుట్ట దించాడు. "నిన్న కూడా నన్ను దొంగవెధవా అని నోరారా తిట్టింది కదమ్మా!" అని గొణుక్కుంటూ, కళ్ళు తుడుచుకుంటూ గల్లీ కుర్రాళ్ళ క్లబ్బువైపు నడిచాడు.

కాసేపటికి క్లబ్బు మైకు ఆగింది. వడ్రంగి రంపం ఆగింది. రిక్షావాళ్ళు దిగి, గంట కొట్టకుండా బళ్ళు నడిపించుకుపోయారు. దేవుడు కూడా సాహిత్యాభిమానే అనుకుని సుతప మురిసిపోయింది.

ఆ మురిపెం ఎక్కువసేపు నిలవలేదు. క్లబ్బు కార్యదర్శి భోంబల్, అతని వెనక బుట్టతో నితాయి, వీధి జనం, చేతుల్లో రజనీగంధ దండలు, చెప్పులు విడిచి మెట్లెక్కి వచ్చేశారు. సుతప రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"ఏడ్చెయ్యండి వదినా. లోపల దాచుకోకూడదు" అన్నాడు భోంబల్ గుసగుసగా.

ఇక లాభం లేదని ఆమె నోరు తెరవబోయింది. అంతలో బీరువాలోంచి పరిమళ్ గొంతు సన్నగా వినిపించింది. "అమ్మా! మమ్మల్ని వదిలి వెళ్ళిపోయావా!" అధ్యాయంలో నాయకుడు ఏడ్చే ఘట్టం అది. అందరూ తలలు వంచుకున్నారు. మిగిలింది ఒక్క పేజీ. ఇప్పుడు మాట్లాడితే మళ్ళీ తనవల్లే చెడుతుంది. గబగబా కాగితంమీద 'బతికే ఉన్నారు' అని రాసిచ్చింది.

భోంబల్ చూడకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కాగితాల పని నాకొదిలెయ్యండి. శ్మశానం బండి కూడా చెప్పేశాను."

సుతప కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. ఆ అవస్థ చూసి ఆడవాళ్ళంతా ఏడ్చారు.

అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుంది. "ఎవర్రా పోయింది? ఇంత పూలవాసనేంటి?" అంది కనకప్రభ. ఒకసారి ముక్కు ఎగబీల్చి, "ఒరే నితాయీ, ఈ చేప నిన్నటిదిరా, దొంగవెధవా!" అని అరిచింది.

నితాయి కెవ్వుమని భోంబల్‌ని వాటేసుకున్నాడు. బీరువాలోంచి చెమటతో తడిసిన పరిమళ్ బయటికొచ్చి, "ఇంకొక్క వాక్యం మిగిలుంది కదే!" అన్నాడు. సుతప భోరుమంది. ఈసారి నిజంగానే.

సాయంత్రం ఆశిమాదీదీ ఫోను చేసింది. "అద్భుతంగా చదివావు. అంత నిశ్శబ్దం ఎక్కడ దొరికింది? ఎవరో ముసలావిడ చేపలవాణ్ణి తిట్టిన చోట ఆగిపోయిన ఆ ఆఖరి వాక్యం ఒక్కటీ చదివి పంపు. అధ్యాయం నీదే."

కనకప్రభ అప్పటికే ఆ రికార్డింగు రెండుసార్లు విని, కళ్ళు తుడుచుకుంటూ కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంది. కోడలి దిగులు గొంతులోనే కనిపెట్టింది.

"నిశ్శబ్దం కోసమా బెంగ? ఆదివారం మళ్ళీ పోతాలేవే, పిచ్చిదానా."

ఆ సంగతి విన్న భోంబల్ బండి రద్దు చెయ్యలేదు, వచ్చే ఆదివారానికి మార్పించాడు.