నొప్పి బదిలీ

రోగులను ఎత్తడం శ్రమ కాదు, సేవ అని ఆసుపత్రి యాజమాన్యం తీర్మానించిన నాటి నుంచి వార్డు ఆయాకు నడుము నొప్పి రావడం నిబంధనలకు విరుద్ధమైంది. శ్రమకు బరువుంటుంది. బరువు వల్ల నడుము అరుగుతుంది. అరిగిన నడుముకు ముందస్తు విరమణ, దాని వెంట వైకల్య పింఛను ఇవ్వవలసి వస్తుంది. సేవకు ఈ చిక్కులేవీ లేవు. అందులో ఉన్నదల్లా పుణ్యం. పుణ్యం మోసి నడుము విరిగినవాళ్ళు ఇంతవరకు ఎక్కడా లేరని తీర్మానంలో స్పష్టంగా రాశారు. అంత నిర్దుష్టమైన వాక్యం ఆ కార్యాలయం నుంచి అంతకు ముందు వెలువడలేదు.

ఆయా ఆ తీర్మానం చదవలేదు. చదివే తీరికే ఉంటే ఆమెకు నొప్పి వచ్చేది కాదు.

ఆమెది పక్షవాతం వచ్చినవాళ్ళ వార్డు. ఒక చెయ్యి భుజాల కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి, తన మోకాలిని మంచం ఇనుప కమ్మీకి ఆనించి, ఊపిరి బిగబట్టి మనిషిని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలోకి, మళ్ళీ వెనక్కి చేర్చాలి. మంచాల చక్రాలకు బ్రేకులున్నాయి గాని, అవి తమకు తోచినప్పుడు పనిచేస్తాయి. ఎత్తేముందు ప్రతివారితోనూ ఆమె ఒకే మాట అనేది: "మీరేం బరువండీ, దూదిపింజె." మంచాన పడ్డ మనిషి తన బరువుకు తానే సిగ్గుపడకూడదని ఆమె ఉద్దేశం. ఏళ్ళ తరబడి ఈ మాట విన్న యాజమాన్యం దాన్ని సాంకేతిక సమాచారంగా స్వీకరించింది.

ఉద్యోగాల్లో శారీరక శ్రమను అంచనా వేయడానికి ఒక సంఘం కూడా వచ్చింది. నియమం ప్రకారం ఒక్కొక్క రోగిని ఇద్దరు ఆయాలు ఎత్తాలి. రెండో ఆయా ఉద్యోగం చాలాకాలంగా ఖాళీగా ఉంది. కాబట్టి ఉన్న ఆయా ప్రతి రోగిలోనూ సగాన్నే ఎత్తుతున్నదని, మిగతా సగాన్ని ఖాళీ మోస్తున్నదని సంఘం లెక్క తేల్చింది. ఆ ఖాళీ ఇన్నాళ్ళలో ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదనీ, ఆయా దాన్ని ఆదర్శంగా తీసుకోవాలనీ చివర ఒక హితవు చేర్చింది.

ఇలా ఉండగా ఒకనాడు ఒక ముసలి పంతులుగారు ఆమె చేతుల్లోంచి జారారు. నేలను తాకకముందే మోకాలు అడ్డుపెట్టి ఆపింది. పంతులుగారు తన బరువుకు తానే క్షమాపణ చెప్పుకున్నారు. ఆయాకు ఆ రోజు నుంచి మనిషిని ముట్టుకోబోయే ముందు చేతులు చల్లబడసాగాయి. బ్రేకు వేశానా లేదా అని వంగి చూసి, లేచి, మళ్ళీ వంగేది. దుప్పట్ల గదిలోకి వెళ్ళి, మడతపెట్టిన దుప్పట్లో ముఖం దాచుకుని కారణం లేకుండా ఏడ్చి, తడిసిన మడత పైకి కనబడకుండా తిప్పిపెట్టి వచ్చేది. ఒక సంగతి మాత్రం ఆమెకు తేటతెల్లమైంది: ఎవరో ఒకరు తన చేతుల్లోంచి పడకముందే తాను ఈ పని నుంచి తప్పుకోవాలి. ముందస్తు విరమణకు దరఖాస్తు పెట్టింది. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ కోరలేదు.

ఎముకల డాక్టరుగారు ఫోటో తీయించి వెలుతురుకు ఎత్తిపట్టి చూశారు. వయసుకు తగ్గ అరుగుదలే గనుక నొప్పి నడుములో లేదని, మనసులో ఉందని చెప్పారు. మనసు డాక్టరుగారు ఆమె చెప్పిందంతా విన్నారు. నడుము నొప్పి ఉన్నవాళ్ళకు దిగులు సహజమని, కాబట్టి జబ్బు మనసులో లేదని, నడుములో ఉందని చెప్పారు. ఇద్దరూ విద్యావంతులే గనుక ఇద్దరి మాటా కాదనడానికి వీల్లేదు. జబ్బు ఆ రెండు గదులకూ మధ్యనున్న వరండాలో ఉన్నదన్న మాట. వరండాకు డాక్టరు లేడు.

అందువల్ల ఆమెను సంక్షేమాధికారి దగ్గరికి పంపారు. ఆయన వయసులో చిన్నవాడు, వినడంలో పెద్ద శిక్షణ పొందినవాడు. గదిలో మెత్తటి కుర్చీ, నీళ్ళు పోయనక్కరలేని ప్లాస్టిక్ మొక్క ఉండేవి. వారానికోసారి ఆయన తలను కొంచెం పక్కకు వంచి, ఆయా చెప్పేదంతా వినేవాడు. రోగిని ఎత్తేముందు కళ్ళు మూసుకుని ఆ రోగిని ఒక మేఘంగా ఊహించుకోమని ఉపాయం చెప్పాడు. ఆయా నిజాయితీగా ప్రయత్నించింది. మేఘం కేక పెట్టడంతో కళ్ళు తెరిచింది.

అయినా ఆమె వెళ్ళడం మానలేదు. ఆ ఆసుపత్రిలో ఆమెను కూర్చోమన్న మనిషి ఆయనొక్కడే. వారాలు గడిచేకొద్దీ ఆమె మాటలు పెరిగాయి, ఆయన ముఖం వాడింది. కళ్ళ కింద నలుపు వచ్చింది. ఆమె నడుము సంగతి చెబుతుంటే ఆయన చెయ్యి తన నడుము మీదికి పోయేది. చివరికి ఆయన ముందస్తు విరమణకు దరఖాస్తు పెట్టాడు. కారణం: ఇతరుల నొప్పి వినడం వల్ల కలిగిన మానసిక వైకల్యం. సాక్షి: వార్డు ఆయా.

ఆయాకు జాలి వేసింది. తన మూలంగా ఒక పసివాడు చెడిపోయాడని ఇంట్లో బాధపడింది. ఆమెతో ఉండే చెల్లెలు, రోజూ పొద్దున్నే ఆమె నడుముకు గుడ్డ బిగించి కట్టే మనిషి, ముడి వేస్తూ అంది: "నొప్పి చెప్పుకుంటే పోతుందన్నారుగా అక్కా. పోయింది చూడు, ఆయనకి."

విరమణ దరఖాస్తులు తేల్చే బోర్డు సమావేశమైంది. సభ్యులు మరెవరో కాదు, ఎముకల డాక్టరుగారు, మనసు డాక్టరుగారే. వారిమీద ఒక అధ్యక్షులు. సంక్షేమాధికారికి దిండు వేసిన కుర్చీ ఇచ్చారు. సాక్షులు నిలబడి చెప్పడం ఆనవాయితీ. ఆయన చెవిన ఏమేమి వేసేదో, ఒక్క ముక్క వదలకుండా చెప్పమని అధ్యక్షులు ఆయాను అడిగారు. ఇంతమంది పెద్దలు తన నొప్పిని వివరంగా చెప్పమని అడగడం ఆమెకు అదే మొదలు. గోడ పట్టుకుని చెప్పింది.

"ఎత్తేటప్పుడు కాదండి, నొప్పంతా దించేటప్పుడే. ఎత్తడమంటే పట్టుకోవడమే కదండీ. దించేటప్పుడు ఎప్పుడు వదలాలో చేతులకి తెలియాలి. నా చేతులకి అది తెలియడం మానేసింది. ఎవరో ఒకరు పడిపోతారండి, నా చేతుల్లోంచే. పొద్దున్నే వార్డులోకి రాగానే మంచాలన్నీ చూస్తాను. వీళ్ళలో ఎవరా అని."

ఎముకల డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మనసు డాక్టరుగారు మంచినీళ్ళు తెప్పించుకున్నారు. అధ్యక్షులు లేచి వెళ్ళి, సంక్షేమాధికారి భుజం మీద చెయ్యి వేశారు.

"ఇదంతా నువ్వు వారం వారం విన్నావా నాయనా?"

సంక్షేమాధికారి తల ఊపాడు. పింఛను అక్కడికక్కడే, ఏకగ్రీవంగా మంజూరైంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని సామెత. కాకికి పింఛను మంజూరయ్యే రోజు వస్తుందని ఆ సామెత పుట్టించినవాళ్ళకు తట్టి ఉండదు.

అప్పుడు ఆయా తన దరఖాస్తు సంగతేమిటని మెల్లగా అడిగింది. అధ్యక్షులు విసుక్కోలేదు; ఓపికగా, ఉపన్యాస ధోరణిలో విశదీకరించారు.

"చూడమ్మా, సంస్థలో ఏ వస్తువైనా ఒకరి పేరు మీదే ఉంటుంది. నీ నొప్పిని నువ్వే స్వహస్తాలతో, అంటే స్వముఖంతో, ఈయనకి అప్పగించావు. ఈయన పుచ్చుకున్నట్టు ఇప్పుడే రుజువైంది. ఒకే నొప్పికి రెండు పింఛన్లు ఇస్తే రేపు మేం నలుగురికీ ఏం సమాధానం చెప్పాలి? పైగా ఇంత వరుసగా, ఇంత చక్కగా చెప్పగలిగిన మనసుకి జబ్బేమిటమ్మా?"

"నాకింకా నొప్పిగానే ఉందండి," అంది ఆయా.

"అది అలవాటమ్మా," అన్నారు ఎముకల డాక్టరుగారు, ఎంతో దయగా.

వీడ్కోలు సభలో సంక్షేమాధికారికి ఒక పడక కుర్చీ బహూకరించారు. దాన్ని వాహనం దాకా మోసుకెళ్ళే గౌరవం ఎవరికి దక్కిందో పాఠకులు ఊహించగలరు.

అసలు కథ మర్నాటి నుంచి మొదలైంది. లెక్కల విభాగం పెద్ద ఒకాయన మడత కుర్చీ చంకన పెట్టుకుని వార్డుకు వచ్చి, "ఆయమ్మా, మీ నొప్పి గురించి కాస్త వివరంగా చెప్పండి. తొందరేం లేదు," అన్నాడు. ఆయన వెనకాల మందుల దుకాణం గుమాస్తా నిలబడ్డాడు. పెద్ద నర్సమ్మ వచ్చింది. ఎన్నాళ్ళుగానో పిలిచినా పలకనివాళ్ళు చెవులు రిక్కించుకుని వరస కట్టారు. యాజమాన్యం దీన్ని క్రమబద్ధం చేసింది: విశ్రాంతి వేళలో మాత్రమే వినాలి, ముందు టోకెను తీసుకోవాలి. చెప్పడం కూడా సేవే గనుక దాన్ని ఆయా విధుల్లో చేర్చారు. విశ్రాంతి వేళ అలా సద్వినియోగమైంది.

ఒక్కొక్కరూ విన్నారు. ఒక్కొక్కరూ నడుము పట్టుకుని, కళ్ళు ఒత్తుకుని, దరఖాస్తు పెట్టి వెళ్ళిపోయారు. ఎముకల డాక్టరుగారు కూడా ఒక మధ్యాహ్నం వచ్చి, నడుము నొప్పంటే ఏమిటో మొదటిసారిగా తెలుసుకుని, పింఛను పుచ్చుకున్నారు. ఆసుపత్రి పలచబడింది. గంట కొడితే వచ్చేవాళ్ళు లేరు. మందు ఇచ్చేవాళ్ళు లేరు. ముసలి పంతులుగారు మంచినీళ్ళు అడిగి అడిగి ఊరుకున్నారు. ఆయా నోరు తెరిచిన ప్రతిసారీ ఒక మనిషి ఇంటికి పోతున్నాడు. ఆ మనిషి పని వార్డులో ఎవరో ఒక రోగి మీద పడుతోంది. తన చేతుల్లోంచి ఒక్కరు పడిపోతారని ఆమె భయపడింది. ఇప్పుడు తన నోట్లోంచి వార్డు వార్డంతా పడిపోయేలా ఉంది.

ఆ సాయంత్రం టోకెన్లతో కూర్చున్నవాళ్ళ ముందు నిలబడి ఆమె అంది: "నాకేం నొప్పి లేదు. నేను నిక్షేపంలా ఉన్నాను. మీరు లేచి ఎవరి పనికి వాళ్ళు వెళ్ళండి."

కుర్చీలు మడుచుకుని అందరూ నిరాశగా వెళ్ళిపోయారు. ఇన్నాళ్ళూ ఆమె చెప్పిన ఏ మాటనూ కాగితం మీద పెట్టని కార్యాలయం ఈ ఒక్క మాటను మాత్రం వెంటనే నమోదు చేసింది. దరఖాస్తుదారు స్వయంగా కోలుకున్నట్టు ప్రకటించినందున దరఖాస్తును మూసివేశారు. మేఘం పద్ధతి విజయవంతమైందని ప్రకటన వెలువడింది.

ఇంటికి వెళ్ళి చెల్లెలితో చెబితే, ఆమె నవ్వలేదు. మర్నాడు గుడ్డ మాత్రం ఇంకొంచెం గట్టిగా బిగించింది. ఆయా పొద్దున్నే వార్డుకు వెళ్ళి, చల్లబడ్డ చేతులు రుద్దుకుని, పంతులుగారి భుజాల కింద చెయ్యి పెట్టింది.

ఇంతవరకు చదివిన పాఠకులకు ఒక మనవి. ఆయా నొప్పిని ఇప్పుడు మీరూ విన్నారు గనుక నిబంధనల ప్రకారం అందులో కొంత మీ పేరు మీదికి వచ్చింది. గుండె ఏమాత్రం బరువెక్కినా జాగు చేయకుండా దరఖాస్తు పెట్టుకోండి, బోర్డువారు సహృదయులు. ఏమీ బరువెక్కలేదా, మరీ మంచిది. ఎముకల డాక్టరుగారు ఖాళీ చేసిన కుర్చీకి సరిగ్గా మీలాంటివారి కోసమే చూస్తున్నారు.