చంపింది నేనే

ఆ శనివారం ఈశ్వరమ్మ గుడి నుంచి వచ్చేలోపు బేస్‌మెంట్‌లో ఒక్క సీను తీయించేసి, అంతా సర్దేయాలని అమరేశ్వరరావు అనుకున్నాడు. కెనడాలోని ఒషావాలో ఇంజినీరుగా రిటైరయ్యాక ఆయనకు దొరికిన మొదటి వేషం అది. కాలేజీ కుర్రాడు తారక్ తీస్తున్న హారర్ సినిమాలో ఆయనది, చెల్లెల్ని కారుతో గుద్ది చంపి ఆ సంగతి దాచిన అన్నయ్య పాత్ర. దెయ్యమై వచ్చిన ఆమె ముందు "చంపింది నేనే, క్షమించు" అని ఏడ్చి మనశ్శాంతి పొందాలి. దెయ్యం వేషం తారక్ క్లాస్‌మేట్ రాధికది.

"అంకుల్, ఫాగ్ మెషీన్‌కి బడ్జెట్ లేదు. సాంబ్రాణి ఉందా?" అన్నాడు తారక్.

ఉంది. కాస్త ఎక్కువే వేశారు. స్మోక్ అలారం ఇల్లెగిరిపోయేలా మోగింది. అమరేశ్వరరావు కంగారుగా కిటికీ బార్లా తెరిచాడు. పొగ సగమే బయటికి పోయింది; చలి మాత్రం మొత్తం లోపలికొచ్చింది. అలారం నోరు మూయించి వెనక్కి తిరిగేసరికి కిటికీ కింద కరివేపాకు మొక్క తల వేలాడేసి ఉంది.

 పెళ్ళిరోజుకని ఆయన బ్రాంప్టన్ నుంచి కారులో సీటు బెల్టు పెట్టి మరీ తెచ్చిన మొక్క. ఈ చలికాలమంతా ఈశ్వరమ్మ చారులోకి రెండు రెబ్బలు కావాలన్నా దాని అనుమతి అడిగి కోస్తోంది.

"టెన్షన్ పడకండి అంకుల్, వార్మ్ చేద్దాం" అంటూ రాధిక తన హెయిర్ డ్రయ్యర్ తెచ్చి పెట్టింది. ఆకులన్నీ జలజలా రాలాయి.

"గ్లూ ఉంది, అతికిద్దామా?" అన్నాడు తారక్.

"నువ్వు కాసేపు ఊరుకో బాబూ!"

అప్పుడే పైన తలుపు చప్పుడైంది. "ఏవండీ! ఏంటీ పొగ?" అంటూ ఈశ్వరమ్మ మెట్లు దిగసాగింది. రాధిక కుండీని దాచబోయి సరిగ్గా ఆవిడకే ఎదురుపడింది. ఇక తప్పదనుకుని అమరేశ్వరరావు, "ఈశ్వరీ, నన్ను క్షమించు..." అని మొదలుపెట్టాడు.

ఆవిడకు వినపడితేగా! పొగలో తెల్లటి మొహం, విరబోసిన జుట్టు, చేతుల్లో మోడు. ఈశ్వరమ్మ చేతులు జోడించింది.

"చెప్పేస్తా తల్లీ! ఆయన తెచ్చిన మొక్కని డిసెంబర్లోనే చంపేశా. చలికి పాపమని వేడినీళ్ళు పోశా. ఇది నా స్నేహితురాలు సుధామయి ఇచ్చింది. ఆయనకి చెప్పే ధైర్యం లేకపోయింది!"

"ఆంటీ, నేను రాధికని" అంది దెయ్యం మెల్లగా.

ఈశ్వరమ్మ భర్త వంక చూసింది. ఆయన నేలమీది ఆకుల వంక చూశాడు.

"ఇది నేను చంపా."

"ఎలా?"

"కిటికీ తీశా. నువ్వు వేడినీళ్ళు పోశావా?"

ఆవిడ మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆయనా పక్కనే చతికిలబడి నవ్వాడు. తర్వాత ఆ ఆకులన్నీ ఏరి కడిగి, పిల్లలకు పులిహోర కలిపి పెట్టింది.

తారక్ కెమెరా ఆపనేలేదు. నెల తిరిగాక కాలేజీలో ఆ సీనుతో సహా సినిమా వేశారు. దెయ్యాన్ని చూసి భయపడినవాళ్ళు ఒక్కరూ లేరు. చూడవచ్చిన దంపతులు మాత్రం దారి పొడుగునా ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు.